దీపానికి నలభయ్యో రోజు

"గడియ పెట్టకు," అంది సరస్వతి.

పద్మలత బాత్రూం గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక చేతిలో అమ్మ ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా, ఇంకో చేతిలో తెల్లటి కార్డు.

"అమ్మా, గింత కూడ నమ్మకం లేదా నా మీద?"

"నమ్మకం సంగతి తర్వాత. జల్ది కానియ్యి. మీ బాపమ్మ పూలమ్మోళ్ల ఇంటికెల్లి వచ్చెలోపట తేలిపోవాలె."

ఆ కార్డు కోసం సరస్వతి పొద్దున్నే కాజీపేట దాకా పోయింది. మట్టెవాడలో ఏ మెడికల్ షాపు మెట్లెక్కినా, "సేటుకు ఎట్లున్నది వదినా?" అని అడగనివాడు లేడు. మొగుడు హన్మకొండ దవాఖానలో ఆక్సిజన్ మీద ఉంటే, పెళ్లాం వచ్చి కడుపు పరీక్ష కార్డు అడిగిందంటే ఊరు ఊరుకుంటుందా? అందుకని ముక్కూమొహం తెలియని షాపులో కొని, సంచిలో అడుగున పెట్టి, పైన బత్తాయిపండ్లు పేర్చుకుని తెచ్చింది.

పద్మలత లోపలికి పోయింది. తలుపు ఓరగా వేసి ఉంది. సరస్వతి గోడకు ఆనుకుని నిలబడింది.

"రెండు నెలలు," అంది తలుపుతో మాట్లాడుతున్నట్టు. "నెలకొక్క ప్యాడ్ల పొట్లం తెచ్చి నీ అల్మారల పెట్టిన. పేపర్ల చుట్టింది చుట్టినట్టే ఉన్నయి. ఒక్కటన్న విప్పలే. వెనుక అర్రల నువ్వు కూసోక యాభై ఎనిమిది రోజులాయె. నేను లెక్క పెట్టనా? తల్లిని గాదా?"

లోపల మగ్గు చప్పుడైంది.

"ఎవడో ఒక్కడు ఉంటే చెప్పు. మీ బాపు మంచం మీద ఉన్నడని భయపడకు. నాతోని చెప్పు."

"ఎవ్వడు లేడమ్మా."

"మరి ఏమైంది ముట్టు?"

ఈ ప్రశ్నకు ఆ ఇంట్లో ఇంకో జవాబు ఎప్పుడో తయారై ఉంది. అది బాపమ్మ జవాబు.

రాంప్రసాద్‌కు మొదటిసారి పక్షవాతం వచ్చి, కుడివైపు పడిపోయి, మాట పోయినప్పుడు ఆయన తల్లి లక్ష్మీనర్సమ్మ భద్రకాళి అమ్మకు మొక్కింది. నలభై ఒక్క రోజులు ఇంట్లో అఖండ దీపం. కన్నెపిల్ల చేతుల మీదుగా మూడు పూటలా నూనె పడాలి. మధ్యలో పద్మలతకు "ఆ నాలుగు రోజులు" వస్తే పూలమ్మ మనుమరాలు వచ్చి పోసిపోతుందని మాట కూడా అయింది. కానీ ఆ నాలుగు రోజులు రానే లేదు. పదిహేను రోజులు గడిచాయి, ఇరవై, ముప్పై. పిల్ల ఒక్కపూట కూడా దూరం కూర్చోలేదు.

"అమ్మనే ఆపింది!" అని లక్ష్మీనర్సమ్మ చెంపలేసుకుంది. "నా కొడుకు కోసం నా మనుమరాలి ముట్టు ఆపిందే తల్లి!" ఆ మాట గల్లీలో ఈ కొసనుంచి ఆ కొసదాకా ఆమే మోసుకుపోయింది.

దీపం పెట్టిన ముప్పై మూడో రోజు రాంప్రసాద్‌కు రెండోసారి వచ్చింది. అప్పటినుంచి దవాఖానలో ఉన్నాడు. అయినా ముసలమ్మ నమ్మకం ఇంచు కదల్లేదు.

సరస్వతి మాత్రం తల్లి. ముట్టు ఆగిందంటే తల్లికి దేవత కన్నా ముందు ఇంకోటి తోస్తుంది.

తలుపు తెరుచుకుంది. పద్మలత కార్డు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది. తల్లీబిడ్డలు ఇద్దరూ దానిమీదికి వంగారు. అయిదు నిమిషాలు ఆగాలని అట్టపెట్టె మీద రాసి ఉంది. ఆ అయిదు నిమిషాలూ సరస్వతి పెదవులు కదులుతూనే ఉన్నాయి.

ఒక్క గీత పడింది. ఒక్కటే.

"ఒక్కటంటే?"

"లేదని అమ్మా. ఏం లేదు."

సరస్వతి కింద కూలబడిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా. నా నోట్ల మన్నువడ. ఎంతెంత మాటలంటి!" అంటూ బిడ్డ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

పద్మలతకు ఆ చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది.

"అయితే అత్తమ్మ చెప్పిందే నిజం," అంది సరస్వతి కళ్లు తుడుచుకుంటూ. మొహంలో ఇన్ని రోజులూ లేని వెలుగు వచ్చింది. "అమ్మనే ఆపింది. నేనే పాపిష్టిదాన్ని, అనుమానపడ్డ. ఇంక నాకు భయం లేదు. సంతకం పెడత."

"ఏం సంతకం?"

సరస్వతి లేచి దేవునర్ర గూట్లోనుంచి మడత పెట్టిన కాగితం తీసింది. మరిది సుదర్శన్ నిన్న దవాఖాననుంచి తెచ్చిన కాగితం అది. పద్మలత విప్పి చదివింది. డాక్టర్లు వద్దని చెప్పినా, మా ఇష్టంతో, మా బాధ్యత మీద పేషెంటును ఇంటికి తీసుకుపోతున్నాం. కింద భార్య సంతకానికి ఖాళీ గీత.

"రేపు శుక్రవారం, నలభై ఒకటో దినం. పొద్దున్నే బాపును తీస్కచ్చి దీపం ముంగట పండవెడ్తం. అత్తమ్మ వారంకెల్లి అడుగుతాంది. నా మనసుల నీ సంగతి గుచ్చుకుంటుండె. మైలపడ్డ దీపమైతే ఎట్ల అని ఆగిన."

"అమ్మా, డాక్టర్ ఏమన్నడు? ఆక్సిజన్ తీస్తే గంట గూడ ఉండడన్నడు. నీ ముంగట్నే గద అన్నది!"

"డాక్టర్లకు అమ్మవారి సంగతి ఏమెర్క? నీ ముట్టు ఆపిన తల్లి, ఆయన ఊపిరి నిలబెట్టదా?"

పద్మలత కాగితం పట్టుకుని నిలబడిపోయింది. నోరు విప్పకుంటే రేపు ఈ పాటికి బాపు ఉండడు. నోరు విప్పితే బాపుకు రెండోసారి పక్షవాతం తెచ్చింది నువ్వేనంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పెద్దలు ఊరికే అనలేదు.

"పెన్ను తే," అంది సరస్వతి.

"అమ్మా, ముట్టు ఆగలే."

"ఏంది?"

"ఆగలే. దీపం పెట్టిన పదో దినం వచ్చింది. ముప్పై ఎనిమిదో దినం మల్ల వచ్చింది. నేనే చెప్పలే."

సరస్వతి నవ్వినట్టే చేసింది. "బాపును తేవద్దని అబద్ధమాడుతానవ్. ముట్టయితే నాకు తెల్వదా? గుడ్డ లేదు, ప్యాడ్ లేదు, చెత్తబుట్టల ఒక్క కాగితం లేదు. గాలిలకు పోయిందా?"

పద్మలత కాగితం తల్లి చేతికిచ్చి, అల్మారా తెరిచి, పుస్తకాల వెనకనుంచి చిన్న స్టీలు గిన్నె, దాంట్లోని ఖాళీ బట్టసంచి తీసింది. గిన్నె మీద 'పద్మ' అని చుక్కలతో పేరు కొట్టి ఉంది. రాంప్రసాద్‌ది గిన్నెల దుకాణం. ఏ పెండ్లి సామానైనా ఆయనే దగ్గరుండి మిషనుతో పేర్లు కొట్టేవాడు. చైత్రంలో బిడ్డ వచ్చి చిన్న గిన్నె కావాలంటే, ఎందుకని కూడా అడగకుండా పేరు కొట్టి ఇచ్చాడు. నాలుగు నెలలుగా పద్మలత ముట్టప్పుడు వాడే కప్పు మరగబెట్టేది అందులోనే.

"గిండ్ల ఎప్పుడన్న గుడ్లు ఉడకవెట్టుకుంటానవేమో అనుకున్న," అంది సరస్వతి అయోమయంగా.

"కప్పు అంటరమ్మా. రబ్బరు లెక్క మెత్తగుంటది. లోపల పెట్టుకుంటే పది గంటలు ఫికరుండదు. తీసి కడుక్కోవాలె, అంతే."

"లోపలంటే?"

పద్మలత తల దించుకుంది.

సరస్వతికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చెయ్యి పైకి లేచింది కానీ దెబ్బ పడలేదు.

"పెండ్లి కాని పిల్లవే! రేపు నీ అత్తగారింట్ల ఏమని చెప్పాలె? మేమే చెడగొట్టుకున్నమని చెప్పాల్నా?"

"గవన్ని ఉత్త మాటలు. కాలేజీకి లేడీ డాక్టరొచ్చి అందరి ముంగట చెప్పింది."

"లేడీ డాక్టరొచ్చి నీ పెండ్లి చేస్తదా?"

ఆ డాక్టరమ్మ వచ్చిన రోజు సెమినార్ హాల్లో రెండు వందల మంది పిల్లలున్నారు. ఆమె కప్పు చేత్తో పట్టుకుని చూపిస్తుంటే ముందు వరుసలో ముసిముసి నవ్వులు, వెనక వరుసలో గుసగుసలు. ఉచితంగా ఇస్తామన్నా తీసుకున్నది పదకొండు మందే. మిగతావాళ్లందరిదీ ఒకటే మాట, ఇంట్ల తెలిస్తే సంపుతరు. హాస్టల్లో ఉండే వర్ధన్నపేట అనూష మాత్రం రెండు తీసుకుని ఒకటి పద్మలత బ్యాగులో కుక్కింది. "మా అమ్మ ముతక గుడ్డ పెట్టుకోని పొద్దందాక పత్తి ఏరింది. తొడలు ఒరుసుకపోయి నడవకపోయేది. మనకేం కర్మనే?" అంది. మొదటిసారి బాత్రూం తలుపు అవతల నిలబడి, ఎట్ల మడవాలో, ఎట్ల ఊపిరి వదలాలో చెప్పింది కూడా అనూషే. పద్మలత మూడుసార్లు ఏడ్చి, నాలుగోసారి నేర్చుకుంది. అప్పటినుంచి అమ్మ తెచ్చే పొట్లాలు కాలేజీలో ఎవరో ఒకరికి ఇచ్చేసేది. బాపు పడిపోయాక కాలేజీ మానింది. చివరి రెండు పొట్లాలు అల్మారాలోనే మిగిలిపోయాయి.

"కప్పు సంగతి గట్లుండనియ్యి," సరస్వతి గొంతు మారింది. "దీపం కాడ ఉండుకుంట ఎందుకు చెప్పలే? వెనుక అర్రల నాలుగు దినాలు కూసుంటే నీ సొమ్మేం పోతుండె?"

"నేను కూసుంటే బాపుకు ఎవలు తినిపిస్తురు?"

సరస్వతి చూపు గిన్నె మీది పేరు మీదికి పోయింది.

"నువ్వు పెడితే మొఖం తిప్పుకుంటుండె. బాపమ్మ పెడితే ఊంచుతుండె. నా చేతితోనైతేనే జావ మింగిండు. నాలుగు దినాలు నేను ముట్టకపోతే ఆయన తిండి బందు. పదో దినం పొద్దున చెప్దామనే వచ్చిన. బాపు నోరు తెరిచి చూస్తుండె నా దిక్కు. చెప్పలేకపోయిన అమ్మా. అంతకు ముందైతే ప్యాడ్లు, వాసన, చెత్తబుట్ట, ఎట్లన్న తెలుస్తుండె. కప్పు ఉన్నది గద, ఎవ్వలికి తెల్వదనుకున్న."

"నాకు నమ్మబుద్ధి అయితలేదు."

"ఇప్పుడు చూస్తవా?"

పద్మలత మళ్లీ బాత్రూంలోకి పోయింది. రెండు నిమిషాలకు తలుపు తీసి అరచెయ్యి ముందుకు చాచింది. సరస్వతి చూసింది. ఎర్రగా, సగానికి పైగా నిండి ఉంది. ఇక కార్డూ గీతా ఏదీ అక్కర్లేదు.

"ఇయ్యాల పొద్దున దీపంల నూనె పోసినవ్," అంది నెమ్మదిగా.

"పోసిన."

"నిన్న?"

"నిన్న గూడ."

"ఈ ముచ్చట నాకు చెప్పకపోతే బాగుండు బిడ్డా," అంది సరస్వతి. ఆ మాట కంటే చెంపదెబ్బ నయం.

పద్మలత కప్పు కడుక్కుని, చేతులు సబ్బుతో రెండుసార్లు తోముకుని వచ్చింది. మైక్రోబయాలజీ చదివే పిల్ల. రక్తానికీ దీపానికీ సంబంధం లేదని తెలుసు. బాపు మెదడులో గడ్డకట్టిన నెత్తురుకూ తన నెత్తురుకూ సంబంధం లేదని అంతకన్నా బాగా తెలుసు. తెలిసి కూడా ముప్పై మూడో రోజునుంచి ఒక్కపూట కంటినిండా నిద్రపోలేదు. ఎంత చదివినా, ఆ దేవునర్ర ముందు పెరిగిన పిల్లే కదా.

వీధి తలుపు చప్పుడైంది. లక్ష్మీనర్సమ్మ అరిటాకులు చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, ఈ వారంలో పదేళ్లు చిన్నదైనట్టు నడుస్తోంది.

"పద్మా! రేపు అయిదుగురు ముత్తయిదువలొస్తాండ్రు. ముందుగాల నీ కాళ్లకే పసుపు పెడ్తరట! పూలమ్మ అయితే నీ చేతి నూనె ఒక చుక్క ఇయ్యమన్నది, దాని మోకాళ్ల నొప్పులకు. రా బిడ్డా, పన్నెండు కావస్తాంది, నూనె పొయ్యి. సరస్వతీ, కాయిదం మీద సంతకమైందా?"

ముసలమ్మ అరిటాకులు కింద పెట్టి, ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏమైంది? దవాఖానకెల్లి ఫోన్ గిట్ల వచ్చిందా?"

"లేదత్తమ్మా," అంది సరస్వతి. "ఆయన్ను రేపు తేవద్దు."

"ఎందుకు?"

సరస్వతి కాగితాన్ని మడిచింది, మళ్లీ విప్పింది. ఏదో ఒక అబద్ధం వెతుక్కుంటోందని పద్మలతకు తెలిసిపోయింది. తన కోసమే వెతుక్కుంటోంది. అది దొరక్కపోతే ముసలమ్మ కాగితం లాక్కుని సంతకం పెట్టించే దాకా వదలదు.

"బాపమ్మా, నేను బయటున్న," అంది పద్మలత. "ఇప్పుడు గూడ. పదో దినం గూడ ఉంటి. అమ్మవారు ఏం ఆపలే. నేనే దాచిన."

లక్ష్మీనర్సమ్మ అరవలేదు. శాపాలు పెట్టలేదు. దేవునర్ర గుమ్మం దాకా నడిచి, లోపల వెలుగుతున్న దీపాన్ని చూస్తూ నిలబడింది. చాలాసేపటికి అక్కడే కూర్చుంది.

"గల్లీ అంత చెప్పుకుంటినే," అంది. "అందరి ముంగట చేతులు జోడిస్తిని."

"బాపమ్మా, బాపుకు తినిపియ్యడానికే..."

"ముప్పై మూడో దినం వానికి మల్ల వచ్చింది."

"ఆ దినం నేను ముట్టుల లేను బాపమ్మా. ఒట్టు."

"మైల ఒక్కసారి పడితే చాలదా? నీ చేత్తో తినిపించిన అంటివి. అదే చెయ్యి గదా? తినిపించినవో, తింటివో ఆ తల్లికే ఎర్క."

ఈ మాట వస్తుందని పద్మలతకు తెలుసు. వారంనుంచి తనకు తాను చెప్పుకుంటున్న మాటే. అయినా ఇంకొకరి నోట, అందులోనూ చిన్నప్పుడు ఒళ్లో పడుకోబెట్టుకున్న బాపమ్మ నోట వినడం వేరు.

"నన్నేమన్న అను," అంది. "బాపును మాత్రం దవాఖానల ఉండనియ్యి. డాక్టర్ ఇంకో పది దినాలు చూద్దమన్నడు."

లక్ష్మీనర్సమ్మ తలెత్తింది. కళ్లలో తడి లేదు.

"ఏం చూస్తరు? రేపటి దాక ఆశ ఉండె, దీపం ఉన్నదని. దీపమే మైలపడ్డంక ఇంక వాడు బతుకుతడా? నా కొడుకు గా మిషన్ల నడుమ, గా గొట్టాలతోని ఎవలూ లేనట్టు పోవద్దు. ఇయ్యాల్నే తేండ్రి. ఇంట్ల పోనియ్యిండ్రి ప్రాణం. సరస్వతీ, సుదర్శన్‌కు ఫోన్ చెయ్యి. బండి రేపటిది ఇయ్యాల్టికే తెమ్మను."

పద్మలతకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కేక వేసింది.

"ఎందుకు చెప్పిన మరి నేను? బాపు బతకాలనే గద చెప్పిన!"

"వెనుక అర్రలకు పో," అంది ముసలమ్మ. "స్నానమయ్యేదాక గడప దాటకు. వాడు ఇంటికొచ్చినంక గూడ నీ నీడ వాని మీద పడొద్దు."

ఆమె లేచి గూట్లో ఉన్న పెన్ను తీసి కోడలి చేతిలో పెట్టింది. ముప్పై ఏళ్లలో ఆ ఇంట్లో అత్తమ్మ మాటకు సరస్వతి ఎదురు చెప్పింది లేదు. దుకాణం తాళాలనుంచి కూరలో ఉప్పు దాకా అన్నీ అడిగి చేసిన మనిషి. ఒక చేతిలో పెన్ను, ఇంకో చేతిలో కాగితం పట్టుకుని నిలబడింది. కాగితం మీది ఖాళీ గీత వైపు చూసింది.

పద్మలత వెనుక అర్ర వైపు నడిచింది. చాప, ఇత్తడి చెంబు, పగిలిన అద్దం. అంతా అక్కడే ఉన్నాయి.

"పద్మా," సరస్వతి పిలిచింది. "స్కూటీ తాళం తీస్కో."

పద్మలత వెనక్కి తిరిగింది. "ఏడికి?"

"దవాఖానకు."

"అమ్మా, నేను..."

"నాకు తెల్సు నువ్వు బయటున్నవని. నాకు బండి నడప రాదు. నడువు."

"ఏమే సరస్వతీ!" లక్ష్మీనర్సమ్మ గొంతు పగిలింది. "దాన్ని ముట్టుకుంటానవే! మైలతోని నా కొడుకు కాడికి పోతవా?"

సరస్వతి చెప్పులేసుకుంది.

స్కూటీ పోచమ్మ మైదాన్ దాటింది. ఎండ మాడిపోతోంది. సిగ్నల్ దగ్గర పద్మలత సగం తల తిప్పింది.

"అమ్మా, సంతకం పెడతవా?"

వెనక సరస్వతి కొంగు తలమీదికి లాక్కుంది.

"అమ్మా, నిన్నే అడుగుతాన. వద్దని చెప్పొస్తానమా, బాపును తీస్కరానీకి పోతానమా?"

పచ్చ లైటు పడింది. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. పద్మలత ముందుకు పోనిచ్చింది. కుదుపుకు సరస్వతి బిడ్డ నడుము చుట్టూ చెయ్యేసి గట్టిగా పట్టుకుంది. ముట్టైన రోజు అమ్మ తనను తాకడం పద్మలత ఎరిగి ఇదే మొదటిసారి.

ఆ పిడికిట్లోనే పెన్ను ఉంది. దవాఖాన గేటు వచ్చేదాకా అది పద్మలత డొక్కలో గుచ్చుకుంటూనే ఉంది.